మా ఆయన మెమరీ పెంచిన కాలిక్యులేటర్

మా ఆయన చేతికి స్క్రూడ్రైవర్ దొరికిందంటే ఇంట్లో ఏ వస్తువుకీ దిక్కులేదు. సందు చివర టీవీలు, రేడియోలు బాగుచేసే కొట్టు ఆయనది. పాడైనవి విప్పితే సరే, అది ఆయన వృత్తి. బాగున్నవాటినీ వదలడే! మా చెల్లెలు "విప్పుడు బావ" అని పేరు పెడితే మురిసిపోయాడు కూడా.

నేను బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ టేబుల్ దగ్గర పనిచేస్తాను. చంక దగ్గరి వంపు గీయడం అందులో పెద్ద తలనొప్పి. గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొని, ఛాతీ కొలత కొడితే ఆ వంపు తెరమీద వచ్చేలా ప్రోగ్రాములు రాసుకున్నాను. ఏళ్ల తరబడి రాశాను. పొయ్యి మీద కూర ఉడుకుతుండగా, బస్సులో నిలబడి. చొక్కాకొకటి, గౌనుకొకటి, కోటుకొకటి. వేరే ఎక్కడా రాసి పెట్టుకోలేదు. అందులో భద్రంగానే ఉన్నాయిగా!

ఇంతలో డిజైన్ గదిలో ఒక ఉద్యోగం ఖాళీ అయింది. "సోమవారం తెచ్చి చూపించమ్మా, పనికొస్తే ఆ కుర్చీ నీదే" అన్నాడు మేనేజరు. పిల్లల చొక్కాకి కూడా ఒకటి రాద్దామని కూర్చుంటే మెమరీ నిండిపోయిందంది. "ఏది చెరపాలో తోచట్లేదండీ" అని ఆయన దగ్గర వాపోయాను. నా నోరు పడిపోనూ!

ఆదివారం చెల్లెలింటికి వెళ్లొచ్చేసరికి మనిషి మొహం వెలిగిపోతోంది. నా కాలిక్యులేటర్ విప్పి, పాత చిప్పు మీద కొత్త చిప్పు పెట్టి, వెంట్రుకల్లాంటి కాళ్లకి కాళ్లు అతికించాడట. "ఇక నీ ఇష్టం, ఎన్నయినా రాసుకో!" అన్నాడు.

ఆన్ చేశాను. మెమరీ ఇదివరకటికి నాలుగింతలుంది. ప్రోగ్రాము ఒక్కటి లేదు.

"బ్యాటరీలు తీశారా?"

"తీయకుండా సోల్డరింగ్ ఎవరైనా చేస్తారా? లోపలి బిళ్ల బ్యాటరీ కూడా తీశాను. కరెంటు ఉండగా ఐరన్ తాకించకూడదని నాకు పని నేర్పినాయన మొదటిరోజే చెప్పాడు."

నేను రాసుకున్నవన్నీ ఆ బిళ్ల బ్యాటరీ మీదే బతికేవి.

"నీ బుర్రలోంచి వచ్చినవేగా, మళ్లీ రాసుకోవచ్చులే" అన్నాడు తల గోక్కుంటూ.

"ఒక్క మాట అడిగి చావొచ్చు కదండీ!"

"ముందే అడిగితే నువ్వు ఆశ్చర్యపోవుగా."

ఆ కుర్చీ ఇంకొకావిడకి వెళ్లింది. ఆవిడ గీసి పంపిన వంపులు నేను కత్తిరిస్తున్నాను.

ఆయన చెడ్డవాడేం కాదు. అదే నా ఖర్మ. చెడ్డవాడైతే నాలుగు తిట్టి చేతులు దులుపుకునేదాన్ని. "తప్పయిపోయింది" అన్న ముక్క మాత్రం నేటికీ ఆ నోట రాలేదు. పైగా కొట్టుకొచ్చినవాళ్ల దగ్గర "మా ఆవిడ కాలిక్యులేటర్‌కి నేనే మెమరీ పెంచాను" అని గొప్పలు!

మొన్న హాల్లో ఫ్యాన్ ఆగిపోయింది. ఆయన స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. నేను వెళ్లి పక్కవీధి మెకానిక్‌ని పిలుచుకొచ్చాను.

ఆ అబ్బాయి గుమ్మంలోనే నొచ్చుకున్నాడు. "నువ్వుండగా నేనెందుకన్నా?"

ఆయన నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. "కానివ్వు తమ్ముడూ" అని స్క్రూడ్రైవర్ అతని చేతికిచ్చి, స్టూలు కదలకుండా పట్టుకున్నాడు. అతను ఫ్యాన్ మూత మీద చెయ్యి వేయగానే ఆయన ఆపి, నన్నడిగాడు.

"విప్పమంటావా?"

పెళ్లయినప్పటి నుంచి ఆ మాట అడగడం అదే మొదలు. జాలి కలగలేదు నాకు, ఒళ్లు మండిపోయింది.

"ఇప్పుడా అడిగేది?" అన్నాను.