పేరు లేని నీళ్ల ట్యాంకు

చందా ఇవ్వడానికి చెయ్యి జేబులోకి పోకముందే మీ కళ్లు గోడ మీదికి ఎందుకు పోతాయి? మీ పేరు ఎక్కడ రాస్తారో, ఎంత పెద్ద అక్షరాల్లో రాస్తారో చూసుకోవడానికి కాదూ? కోపం తెచ్చుకోకండి. ఈ మాట ఎన్నో సభల్లో గొంతు చించుకుని అడిగాను, వ్యాసాల్లోనూ రాశాను. ఈ ఉదయం మస్కట్‌లోని అల్ హైల్‌లో మా వంటింట్లో టీ తాగుతుంటే ఫోనుకు ఒక వీడియో వచ్చింది. ఫిజీ దేశంలో, పడవ ఎప్పుడు వస్తే అప్పుడే బయటి మనిషి మొహం చూసే ఒక చిన్న దీవి. చర్చి రేకుల మీద పడిన వాన గొట్టం గుండా ఆకుపచ్చ ట్యాంకులోకి దిగుతోంది. ట్యాంకు మీద ఒక్క అక్షరం లేదు. చూస్తూ నిలబడితే టీ చల్లారిపోయింది. ఆ ట్యాంకు మా అక్కది అనబోయాను. అంటే అక్క కొడుతుంది.

అక్క కూడా ఇక్కడే మస్కట్‌లో నర్సు. సెలవు దొరికితే మావాళ్లంతా ఊరికి టికెట్టు కొని, పెట్టె నిండా ఖర్జూరాలూ సబ్బులూ కుక్కుతారు. అక్కా బావా మాత్రం పటం ముందేసుకుని, తెలిసినవాడెవడూ లేని చోటు వెతుకుతారు. అలా వెతికి చేరిన దీవి అది. అక్కడికి వెళ్లినవాళ్లు యంగోనా అనే వేరు కట్టను ఊరిపెద్ద ముందు పెట్టి, లోపలికి రావచ్చా అని అడగాలి. అక్కడి మర్యాద అది. అక్క ఆ కట్టకు పసుపు రాయబోతే బావ చెయ్యి పట్టుకుని ఆపాడట. నేను ఎంత పోట్లాడినా అక్క సంచిలోంచి పసుపు పొట్లం తీయించలేకపోయాను, ఫిజీ దాకా వెళ్లిందంటే ఇక నాకేం ఆశ? ఇంతలో పడవ ఇంజను చెడిపోయి, ఒక పూట కోసం వెళ్లినవాళ్లు రోజుల తరబడి ఉండిపోయారు. ఊరిపెద్ద భార్య అడిగినప్పుడల్లా గ్లాసు నిండా నీళ్లిచ్చింది. తిరిగి వచ్చే రోజున అక్కకు సంగతి తెలిసింది. తమకిచ్చినవి మిగిలిన కాసిని వాననీళ్లు. ఇంట్లోవాళ్లు తాగుతున్నవి ఉప్పు తగిలే బావినీళ్లు. పిల్లలు కూడా అవే.

వచ్చీ రాగానే చందాలకు దిగింది. ఈ దేశంలో అనుమతి లేకుండా చందా ఎత్తడం నేరం కాబట్టి, అనుమతి ఉన్న ఒక సంస్థ వాళ్లను బతిమాలి వాళ్ల గొడుగు కింద చేరింది. మనవాళ్లకు ఎక్కడ కష్టమన్నా ముందు బీరువాలోని పాత చీరలే గుర్తొస్తాయి. మూటలు వచ్చి పడ్డాయి. దీవిలో కొరత నీళ్లకని చెప్పి మూటలు తిప్పి పంపితే, అప్పుడు మొదలైంది అసలు జబ్బు. ట్యాంకు మీద మా పేరుంటుందా? మా అమ్మ పేరు? మా ఇలవేల్పు పేరు? మన గుళ్లలో ఫ్యానుకు మూడు రెక్కలుంటే తండ్రిదొకటి, తల్లిదొకటి, ఊరిదొకటి. తిరుగుతుంటే కనిపించవు, చదవాలంటే ఆపి చెమటలు కక్కాలి. మస్కట్‌లోనే ఘాలా పేటలో గ్యారేజీ నడిపే హైదరాబాదీ భాయ్ ఒక్కడే, “నామ్ కైకు ఆపా? పానీ మీఠా హోనా, బస్” అంటూ, పేరెందుకు నీళ్లు తియ్యగా ఉంటే చాలని, గొట్టాలన్నీ తానే ఇచ్చేశాడు. కానీ ట్యాంకుకు చాలినంత రాలేదు. అక్కడ ఎండలు దగ్గర పడుతున్నాయి.

ఇక మిగిలింది సరిహద్దు ఊరు బురైమిలోని మా కాక, నాన్న పినతండ్రి కొడుకు, కాంట్రాక్టరు. అక్క నన్నూ వెంటబెట్టుకుని వెళ్లింది. కాక తలుపు తీస్తూనే మాకు కావా, అదే అరబ్బీ కాఫీ, పోసి, ఖర్జూరాలు పెట్టి, కథంతా విన్నాడు.

“ఇస్త బిడ్డా. కని మా నాయిన పేరు పెద్దగ రాయాలె. మీద ఎంకన్న బొమ్మ ఉండాలె.”

“చర్చి పక్కన ఎంకన్న ఏం జేస్తడు కాకా?” అన్నాను.

“నువ్వు నోరు మూస్కోరా నాస్తికుడా. దేవుడే లేడంటవ్, మల్ల ఆయన ఏడ కూసోవాల్నో నువ్వే చెప్తవ్!”

అక్క నవ్వు ఆపుకుంది. “ఆ ఊరి పెద్దమనిషిని ఫోన్ల అడిగిన కాకా. రాసుకోమన్నడు. కని వాళ్ల తాన ఎవరి పేరుంటే సామాను వాళ్లదేనట. పాశి పడితె నువ్వే పోయి కడుగాలె, పగిలితె నువ్వే అతికియ్యాలె.”

“నేనా? బురైమి నుంచా?”

“పడవల పోవాలె.”

“పడవ ఎక్కితె నా పేగులు నోట్లెకస్తయి పిల్లా!” కాక కప్పు కింద పెట్టేశాడు. మొహం మారింది. “అయితె వద్దు. పేరు లేంది నేనెందుకియ్యాలె?”

నాకు ఇలాంటి చోట ఉపన్యాసం పొంగుతుంది. నోరు తెరిచాను. అక్క నా పాదం తొక్కింది.

“మీ నాయిన, మా చిన్నతాత, మన వాడకు బావి తవ్విచ్చిండు గద కాకా. దాని మీద పేరేది?”

కాక ఖర్జూరం గింజను వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పాడు. “మా నాయినకు రాసుడు ఏడొచ్చు బిడ్డా” అన్నాడు. అని, తన మాటకు తానే పడీపడీ నవ్వాడు. ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకున్నాడు. “పో. నీ ట్యాంకు నువ్వు తీస్కపో. ఎంకన్నను నేను సముదాయిస్త.”

నా వ్యాసాలన్నీ కలిసి ఒక్క గోడ మీది ఒక్క పేరును చెరపలేదు. అక్క ఒక్క ప్రశ్నతో ఆ పని చేసింది. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు, తర్కం ఎవరి నోట వచ్చినా తర్కమే. దీవికి నీళ్లు చేరి ఏళ్లయింది. అక్క తల నెరిసింది, కాక మెట్లెక్కడం మానేశాడు, ఆ దీవి అవతలి ఒడ్డునున్న ఊరు మాత్రం ఇంకా ఉప్పునీళ్లే తాగుతోంది. కాలం మనల్ని ముసలివాళ్లను చేస్తుంది గానీ, మన వంతు పని మన కోసం చేసిపెట్టదు. ఆ ఊరి ట్యాంకు కోసం అక్క మళ్లీ చందాలకు బయలుదేరింది. మీ గుమ్మానికీ వస్తుంది. బోర్డు గురించి అడగకండి, చీరల మూట తియ్యకండి. వాన వచ్చేలోగా ఇవ్వండి. ఇచ్చి, పక్కకు జరగండి.