డాక్టరాంటీ గురి

మా పక్కింటి డాక్టరాంటీ పోయిన సోమవారం నిద్రలోనే వెళ్ళిపోయారు. "అమ్మ ఫోన్ ఎత్తడం లేదు, ఒక్కసారి చూడు" అని మోరిస్‌విల్ నుంచి ఆవిడ కూతురు అడిగితే, నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి లోపలికి వెళ్ళింది నేనే. అప్పటికే చెయ్యి చల్లగా ఉంది.

అంత్యక్రియల రోజు హాల్లో ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని, నవ్వు ఆపుకుంటూ, "గన్ ఆంటీ అనేవాళ్ళే, ఆవిడేనా?" అని అడిగారు. "అవునండీ, ఆవిడే" అన్నాను. అక్కడితో వదిలేయడం ఇష్టం లేక ఇది రాస్తున్నాను.

ఆవిడది తెనాలి. ఈ దేశం వచ్చాక ఇక్కడ నోవైలో పిల్లల డాక్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. మా ఊళ్ళో తెలుగు పిల్లల్లో సగం మంది ఆవిడ చేతి సూదికి ఏడ్చినవాళ్ళే. అంకుల్ కార్ల కంపెనీలో ఇంజనీర్. ఎవరొచ్చినా కాఫీ ఇవ్వకుండా పంపేవారు కాదు. తలుపు తట్టింది ఎవరని చూసుకుని తీసే అలవాటు ఆయనకు లేదు.

ఒక మధ్యాహ్నం అలాగే తీశారు. నీళ్ళు టెస్ట్ చేయడానికి సిటీ ఆఫీసు నుంచి వచ్చామని చెప్పిన ఇద్దరు ఆయన్ని తోసేసి లోపలికి వచ్చారు. మన ఇళ్ళలో బంగారం ఉంటుందని వాళ్ళకు తెలుసు. ఆంటీని కుర్చీలో కూర్చోబెట్టి బీరువా ఖాళీ చేసుకుని వెళ్ళిపోయారు. కింద పడ్డ అంకుల్‌కి తుంటి ఎముక విరిగింది. నొప్పితో మూలుగుతున్న భర్త దగ్గరికి ఆ డాక్టర్‌ని వెళ్ళనివ్వలేదు. సర్జరీ అయ్యాక కూడా ఆయన మళ్ళీ సరిగ్గా నడవలేదు. మరుసటి చలికాలం దాటకుండానే పోయారు.

ఆ తర్వాత మా వాట్సాప్ గ్రూపు నిండా సలహాలే. గుమ్మానికున్న తోరణం తీసేయండి, బయట చెప్పులు కనపడనివ్వకండి, మన ఇల్లని తెలియకూడదు అని. చాలామంది తీసేశారు కూడా. ఆంటీ మాత్రం ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి ఇంకా పెద్ద తోరణం తెచ్చి కట్టారు. వాకిట్లో సిమెంట్ మెట్టు మీద చాక్‌పీసుతో ముగ్గేశారు.

"భయం లేదా ఆంటీ?" అన్నాను.

"ఉంది. అందుకని నా గుమ్మం నేనే చెరుపుకోవాలా?"

ఆ నెలలోనే షూటింగ్ క్లాసులో చేరారు. పర్మిట్ తీసుకుని పిస్టల్ కొన్నారు. గుళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. ఈ వయసులో ఇదేం పిచ్చి అన్నారు, అంకుల్ పోయాక మనసు చెదిరిందన్నారు. కూతురు విమానం ఎక్కి వచ్చి పోట్లాడింది. "అమ్మా, గన్ ఇంట్లో ఉంటేనే ఎక్కువ డేంజర్. నువ్వే ఎంతమంది పిల్లల్ని చూశావు హాస్పిటల్లో!"

"చూశాను కాబట్టే సేఫ్ ముందు కొన్నాను, గన్ తర్వాత కొన్నాను" అన్నారావిడ. "డేంజర్ కాదని నేననట్లేదమ్మా. నేర్చుకోకుండా ముట్టుకుంటే డేంజర్. పోలీసులు మంచివాళ్ళే, వస్తారు. వాళ్ళు వచ్చేదాకా ఆ టైమంతా నేనొక్కదాన్నే గడపాలి కదా. కిందటిసారి ఎలా గడిపానో నీకు తెలీదు."

కూతురు ఒప్పుకోలేదు. అలిగి వెళ్ళిపోయింది. ఆంటీ మాత్రం ప్రతి గురువారం షూటింగ్ రేంజ్‌కి వెళ్ళడం మానలేదు. మంచు పడినా, మోకాళ్ళు నొప్పెట్టినా, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని కారు తీసేవారు. "ప్రాక్టీస్ లేని గన్ దొంగకి మనం కొనిపెట్టిన గన్ అమ్మాయ్" అనేవారు. ఒక వారం మానేస్తే చెయ్యి ఎలా మొద్దుబారుతుందో, ఊపిరి బిగపడితే గురి ఎలా పక్కకి పోతుందో, మందు డోసు చెప్పినంత శ్రద్ధగా చెప్పేవారు. ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో సాధన చేసేటప్పుడు తూటాలు వేరే గదిలో ఉండాలి. ఖాళీ అని తెలిసినా మళ్ళీ తెరిచి చూడాలి. ఆ నియమాలు ఒక్కసారి కూడా తప్పడం నేను చూడలేదు.

అప్పట్లో మా పాప స్కూలు అయ్యాక ఆంటీ దగ్గర తెలుగు నేర్చుకునేది. ఒక శీతాకాలం సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, పాపని తీసుకురావడానికి వెళ్ళి సోఫాలో కూర్చున్నాను. ఇంటి వెనకవైపు తలుపు అద్దం భళ్ళున పగిలింది.

ఆంటీ గొంతు పెంచలేదు. "పాపని తీసుకుని పైకెళ్ళు. బాత్రూమ్ లాక్ చేసి 911కి ఫోన్ చెయ్యి. ఇంట్లో గన్ ఉందని, నా చేతిలో ఉందని చెప్పు."

మేము మెట్లెక్కుతుంటే ఆవిడా మా వెనకే వచ్చారు. సేఫ్ తెరుచుకున్న శబ్దం వినిపించింది. బాత్రూమ్‌లో పాప నోటిమీద చెయ్యి పెట్టుకుని నన్ను చూస్తోంది. నేను ఫోన్‌లో అడ్రస్ చెబుతున్నాను. తలుపు బయటనుంచి ఆంటీ గొంతు వినిపించింది. క్లినిక్‌లో మాట వినని తల్లిదండ్రులతో మాట్లాడే గొంతు అది.

"ఐ హావ్ ఎ గన్. దేర్ ఈజ్ ఎ చైల్డ్ బిహైండ్ మీ. డు నాట్ కమ్ అప్ దీజ్ స్టెయిర్స్."

కింద ఒకడు పరుగెత్తిన చప్పుడైంది. రెండోవాడు నవ్వాడు. "యూ వోంట్ షూట్, గ్రాండ్‌మా" అన్నాడు. మెట్టు కిర్రుమనలేదు. ఎంతసేపో నాకు తెలియదు. తర్వాత పగిలిన అద్దం మీద బూట్ల చప్పుడు, ఆ చప్పుడు బయటికి పోవడం వినిపించాయి.

"వాడు నా మొహం చూడలేదమ్మాయ్, చేతులు చూశాడు" అని తర్వాత చెప్పారు. "అవి కదలట్లేదు. అది అర్థమై వెళ్ళిపోయాడు."

పోలీసులు వచ్చేసరికి ఆవిడ పిస్టల్‌ని సేఫ్‌లో పెట్టి తాళం వేసి, ఖాళీ చేతులతో తలుపు తీశారు. పోలీసులు మంచులో అడుగుజాడలు పట్టుకుని వెళ్ళి వాళ్ళిద్దరినీ పక్క వీధిలోనే పట్టుకున్నారు. అందరూ వెళ్ళాక ఆంటీకి కాఫీ ఇస్తే కప్పు గలగలలాడింది. పట్టుకోబోతే వద్దన్నారు. "ఇప్పుడు వణకనివ్వు. ఇప్పుడు వణికితే తప్పేం లేదు."

ఆ రాత్రి కూతురు ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చిందట. గన్ గురించి మళ్ళీ మాట్లాడలేదు. ఆ గురువారం ఆంటీ కార్లో నేను కూడా ఉన్నాను. మొదటిరోజే వేడి తూటా తొడుగు ఎగిరొచ్చి నా మెడలో పడి కాలింది. ఆంటీ నవ్వి, "వచ్చేవారం నుంచి కాలర్ ఉన్న షర్టు వేసుకో. ఇంకోసారి పేల్చు" అన్నారు. ఆ రోజు బాత్రూమ్ తలుపు తీసి బయటికొచ్చాక కూడా ఫోన్ వదలని నా చేతులు ఆవిడకి గుర్తున్నాయి. నాకూ గుర్తున్నాయి.

పోయిన ఏడాది ఆవిడ వేళ్ళు వంగడం మానేశాయి. ఒకరోజు రేంజ్‌లో తూటాలు ఎక్కించలేకపోయారు. నేను సాయం చేయబోతే ఆపి, పిస్టల్ పెట్టెలో పెట్టేశారు. ఆ వారమే దాన్ని అమ్మేశారు. "నా మాట వినని చేతిలో అది ఉండకూడదు. ఇంకొకళ్ళకి చెప్పిన రూల్ నాకు కూడా" అన్నారు. అంత ఇష్టంగా, అంత మొండిగా నేర్చుకున్నది అంత తేలిగ్గా వదిలేయడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు.

రేంజ్‌కి రావడం మాత్రం మానలేదు. నేను లోపల ఉంటే, ఆవిడ అద్దం గోడకి అవతల, చెవులకి పెద్ద ఇయర్‌మఫ్స్ పెట్టుకుని, శాలువా కప్పుకుని కూర్చునేవారు. ఆఖరిసారి వెళ్ళినప్పుడు నా తూటాలు వరసగా పక్కకి పోతున్నాయి. విసుగొచ్చి సర్దేసుకుందామని వెనక్కి తిరిగాను. ఆంటీ లేచి అద్దం దగ్గరికి వచ్చారు. వంకర తిరిగిన చూపుడువేలితో అద్దం మీద తట్టి, నన్ను కాదు, నా వెనకున్న టార్గెట్‌ని చూపించారు.