సంఘం వేరు, కౌన్సిల్ వేరు

సిద్దిపేటలో ఒక ప్రైవేటు దవాఖానాలో నేనూ నా స్నేహితురాలూ నర్సులం. ఒక మధ్యాహ్నం ఆమె ఒక్కతే రెండు వార్డులు చూస్తోంది. ఆ హడావుడిలో పక్క మంచం పేషంటుకు వేయాల్సిన ఇంజెక్షన్‌ను రాయపోల్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మకు ఇచ్చేసింది. కాసేపటికి ముసలమ్మ ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఆయాసం మొదలైంది. నా స్నేహితురాలు ఏమీ దాచలేదు. డాక్టరును పిలిపించి, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పింది. సాయంత్రానికి ముసలమ్మ తేరుకుంది. ఆమె కూతురి కోపం మాత్రం చల్లారలేదు. నర్సింగ్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసింది.

విచారణకు రమ్మని పిలుపు రాగానే నా స్నేహితురాలు ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. మా ఇద్దరికీ నర్సుల సంఘంలో సభ్యత్వం ఉంది. సంఘం నడిపే అక్క సర్కారు దవాఖానాలో పనిచేసి రిటైరైంది. ఆమె ఒక్క ఫోన్ చేస్తే ఫిర్యాదు అక్కడితో ఆగిపోతుందనుకుని ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విన్నది.

"అక్కా, కౌన్సిల్‌ల ఉన్నది గూడ మనోళ్లే గదా. ఒక్క మాట చెప్పరాదు," అన్నాను.

"కౌన్సిల్ ఉన్నది పేషంట్ల కోసం బిడ్డా. నర్సు పని చెయ్యనీకి రిజిస్ట్రేషన్ ఇచ్చేది వాళ్లే, తప్పైతె అడిగేది వాళ్లే. దాంట్ల నేను వేలు వెట్ట."

"మరి మాకు సంఘం ఎందుకక్కా?" నా గొంతు లేచింది.

అక్క నొచ్చుకోలేదు. నా స్నేహితురాలి వైపు తిరిగింది.

"ఆ పొద్దు నీతోని ఇంకెవరున్నరు?"

"ఎవ్వరు లేరక్కా. పోయిన ఎండకాలం సంది రెండు వార్డులు నేనొక్కదాన్నే."

"గిది సంఘం పని," అంటూ అక్క చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపింది.

విచారణ రోజు అక్క మాతో పాటే హైదరాబాద్ బస్సెక్కింది. దారిలో ఆమె చెప్పింది ఒక్కటే: "ఉన్నదే చెప్పు. ఒక్కదాన్నే ఉన్ననని గూడ చెప్పు, కని దాన్ని సాకు జెయ్యకు." మేం బయట కూర్చున్నాం. లోపలి నుంచి వచ్చిన నా స్నేహితురాలి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"మందు ఇచ్చేముందు పేరెందుకు అడగలేదన్నరు. అడగకపోవుడు నా తప్పేనని ఒప్పుకున్న," అంది.

కౌన్సిల్ ఆమెను హెచ్చరించి వదిలేసింది. రిజిస్ట్రేషన్ ఉంది, ఉద్యోగం నిలిచింది. అయినా కొన్నాళ్ల పాటు అక్క మీద నా మనసులో గుర్రు పోలేదు.

అది పోయింది మా దవాఖానా యజమాని గదిలో. సంఘం తరఫున అక్క మరికొందరితో వచ్చి కూర్చుంది. "మా దవాఖాన సంగతి మీకెందుకమ్మా?" అన్నాడాయన.

"తప్పు జేసిందని కౌన్సిల్ అడిగింది, ఆమె తల వంచింది. రెండు వార్డులకు ఒక్క నర్సును వెట్టింది మీరు సారూ. దానికి తల వంచేదెవరు?" అంది అక్క, గొంతు పెంచకుండానే.

ఆ రోజు ఆయన ఒప్పుకోలేదు. అక్క మళ్లీ వచ్చింది, మళ్లీ వచ్చింది. చివరికి మధ్యాహ్నం డ్యూటీకి ఇంకో నర్సును పెట్టారు.

ఆ తర్వాత ఒకసారి ముసలమ్మను చూపించడానికి కూతురు తీసుకొచ్చింది. నా స్నేహితురాలు ఎదురుపడగానే ఆ కూతురు ఆగింది.

"నీ నౌకరి వోవాలని గాదమ్మా నేను రాసింది. మా అవ్వకైనట్టు ఇంకొకలకు గావద్దని."

"మీరు రాసింది సరైందే," అంది నా స్నేహితురాలు.

ముసలమ్మకు ఈ ఫిర్యాదుల సంగతేమీ తెలియదు. కూతురి భుజం తట్టి, "గీ పిల్లనే బిడ్డా. నాకు దమ్ము ఆడకుంటె చెయ్యి వట్టుకొని కూసున్నది," అంది.