పాటల నడుమ ఒక ముచ్చట

2009లో గద్వాల పాత బస్టాండు దగ్గర నాది ఆరడుగుల కొట్టు. అంతకుముందు అదే కొట్టులో ఖాళీ క్యాసెట్లకు పాటలు ఎక్కించేవాణ్ని. క్యాసెట్లు పోయి సెల్లులు రాగానే ఒక పాత కంప్యూటరు కొని, ‘ఇచ్చట పాటలు లోడ్ చేయబడును’ అని బోర్డు రాయించాను. లోడింగ్ పెద్ద విద్యేమీ కాదు. ఫోనులోంచి గోరంత మెమరీ కార్డు తీసి, కార్డు రీడర్ అనే చిన్న డబ్బీలో గుచ్చి, కంప్యూటరులో ఉన్న పాటలు అందులోకి పంపడమే. కానీ ఆ గోరంత కార్డులు చూపించినంత లోకాన్ని నాకు డిగ్రీ పుస్తకాలు చూపించలేదు.

మనుషులు నోటితో చెప్పేది ఒకటి, కార్డులో పెట్టుకునేది ఇంకొకటి. సెల్లు వచ్చి పిల్లలు చెడిపోతున్నారని నా కొట్టు ముందే నిలబడి తిట్టిన ఒక సారు, జనం పలచబడ్డాక రికార్డింగ్ డాన్సు పాటలు అడిగి ఎక్కించుకుపోయాడు. పార్టీ కండువా వేసుకుని తిరిగే ఒకతని కార్డులో రెండు పార్టీల పాటలూ ఉండేవి. ఇదేందన్నా అంటే, ‘ఎవల జీపెక్కితే వాళ్ల పాట పెడ్త’ అన్నాడు. మా వీధి మాంసం కొట్టు చాచా పొద్దున్నే సుప్రభాతం పెట్టేవాడు. పీర్ల పాటలు అడిగేవాళ్లలో ముస్లింలకంటే హిందువులే ఎక్కువ. ఇవన్నీ చూసి నాకు భలే సరదాగా ఉండేది. ఎదుటివాడి మనసులో ఏముందో తెలుసుకోవాలనే దురద నాకు చిన్నప్పటినుంచీ ఉంది. ఆ దురదకు తగ్గ వృత్తే దొరికిందనుకున్నాను.

ఇక్కడ మా వృత్తిలోని ఒక పద్ధతి చెప్పాలి. కార్డు రీడర్‌లో గుచ్చగానే, కొత్త పాటలు పంపే ముందు, ఆ కార్డులో ఉన్నవన్నీ మా కంప్యూటరులోకి లాక్కునేవాళ్లం. ఎవరిదో ఒకరి కార్డులో మనదగ్గర లేని పాట ఉంటుంది కదా. అట్లా ఊరూరి పాటలు కూడేవి. నాకు తెలిసిన లోడింగ్ కొట్ల వాళ్లంతా ఇదే చేసేవాళ్లు. ఎవరినీ అడిగేవాళ్లం కాదు. పాటలే కదా, అందులో అడిగేదేముంది అనుకునేవాళ్లం.

ఎలక్షన్లకు నెల ముందు తిమ్మప్ప మామ వచ్చాడు. గట్టు అనే ఊరి దగ్గర పల్లె ఆయనది. యాభై ఏళ్లుంటాయి. సొంత భూమి లేదు. ఆ ఊరి పటేలుకు గుట్ట కింద ఉన్న ఆరెకరాలు నాలుగేళ్లుగా కౌలుకు చేస్తున్నాడు. భార్యాభర్తలిద్దరూ చేతులతో రాళ్లేరి, రాళ్ల కుప్పలు నాలుగు దిక్కులా పోసి, దాన్ని చేను అనిపించుకునేట్టు చేశారు. ఆ ఏడు విత్తనాల కంపెనీకిచ్చే సీడు పత్తి పెడతానని, పెద్ద స్పీకరున్న చైనా ఫోను కౌంటరు మీద పెట్టి చెప్పాడు. ‘చేన్ల కూలోళ్లకు పాటలుండాల మౌలా, లేకుంటే పని సాగదు. మంచివి ఏసియ్యి’ అన్నాడు.

ఆయన కార్డునిండా జానపదాలే. నావి ఆయనకిచ్చాను, ఆయనవి నేను తీసుకుని జానపదాల ఫోల్డరులో వేసుకున్నాను.

పదిహేను రోజుల తర్వాత మల్దకల్‌లో సైకిళ్ల కొట్టు నడిపే ఒకతను వచ్చి, ‘మౌలన్నా, పాటల నడుమ ఈ ముచ్చట ఏంది? మస్తుగుంది, రెండో భాగం ఉంటే ఏసియ్యి’ అన్నాడు. ఏం ముచ్చటని చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. గాలి చప్పుడు, చొక్కా రాపిడి, దూరంగా మేక అరుపు. ఆ మీద తిమ్మప్ప గొంతు.

‘పటేలు పసుపు బియ్యం చేతుల పెట్టి, మల్దకల్ తిమ్మప్ప దేవుని మీద ఒట్టు ఏయించుకున్నడు. ఓటు తన పార్టీకే ఎయ్యాలంట. ఒట్టు నోటితోని ఏసిన. మనసుతోని ఎయ్యలే.’

‘ఎవలికన్న తెలిస్తే?’ అన్నది ఆయన భార్య నర్సమ్మ.

‘మిషన్ల నేను ఏ గుర్తు ఒత్తిన్నో ఎవనికి తెలుస్తదే? ఈ తాప అవతలోనికే ఎయ్యాలనుకుంటున్న. ఈనకు ఏసి ఏసి మనకొచ్చింది ఏముంది?’

‘తెలిస్తే చేను గుంజుకుంటడు. రాళ్లేరింది మనం, పంట పండేయాలకు ఇంకొగని పాలైతది.’

ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. చైనా ఫోనులకు పక్కనే ఒక మీట ఉండేది. జేబులో అది నొక్కుకుంటే వాయిస్ రికార్డరు, అంటే మాటలు పట్టుకునే యంత్రం, దానంతటదే మొదలయ్యేది. రికార్డయినదంతా పోయి పాటల పక్కనే పడేది. నేను చూడకుండా పాటలతో కలిపి లాక్కున్నాను. అదే ఫోల్డరును ఇంకెందరి కార్డుల్లోకో పంపాను. ఊరి గోడల మీద రాసినా ఆ మాట ఇంతమందికి చేరేది కాదు.

ఒక్క అదృష్టం, కార్డులు కలగాపులగం కాకుండా ఒక్కోదానికీ పేరు, ఊరు, కావలసిన పాటలు రాసిన చీటీ అంటించేవాణ్ని. పని అయ్యాక ఆ చీటీలు పీకి రేకు డబ్బాలో వేసేవాణ్ని. డబ్బా బోర్లించి లెక్క చూస్తే, తిమ్మప్ప మామ వచ్చిపోయాక జానపదాలు తీసుకున్నవాళ్లు ఇరవై ముగ్గురు తేలారు. అందరికీ కబురు పెట్టాను. ‘మీ కార్డుల వైరస్ పడ్డది, జల్ది తెచ్చుకోండ్రి, ఊకనే కొత్త పాటలు ఏసిస్త’ అని. వైరస్ అంటే ఫోనుకు వచ్చే రోగమని అందరికీ వివరించాను. అబద్ధమే, కానీ ఉచితమంటే కదలని కాలు ఉంటుందా? వారంలో ఇరవై రెండు కార్డులు వచ్చాయి. ఒక్కోదాన్నీ ఫార్మాట్ కొట్టాను, అంటే ఉన్నదంతా తుడిచేశాను.

ఆ వారంలో నాకు తెలిసింది కూడా వింతే. విన్నవాళ్లలో ఎక్కువమంది అదేదో నాటకం ముక్క అనుకున్నారు. పాటల నడుమ వచ్చింది కాబట్టి ఎవరో ఆడి, అమ్మిన సరుకే అని వాళ్ల నమ్మకం. ఒకాయన మాత్రం, ‘నోటితోని ఏసిన ఒట్టు చెల్లుతదా మౌలా, మీ మతంల ఏమున్నది?’ అని నన్ను నిలదీశాడు. బలవంతంగా చేయించిన ప్రమాణానికి దోషం లేదని మా నాయన చెప్పేవాడన్నాను. ‘మా గుడి అయ్యగారు చెల్లుతదంటుండు’ అని ఆయన దిగులుగా వెళ్లిపోయాడు.

ఇరవై మూడో కార్డు పటేలు ట్రాక్టరు డ్రైవరుది.

రెండుసార్లు కబురు పెట్టినా అతను రాలేదు. కొట్టు మూసి నేనే ఆ ఊరికి బస్సెక్కాను. డ్రైవరు లేడు. పటేలు ఇంటి ముందర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెల్లటి మనిషి, నెమ్మదైన మాట. నేను నా వైరస్ కథ చెప్పాను. ఆయన అంతా ఓపికగా విని, లోపల్నుంచి కార్డు తెప్పించి నా చేతిలో పెట్టాడు.

‘మౌలా, ఒకటి అడుగుత. ఆ వైరస్ మాట్లాడ్తదా?’

కార్డు జేబులో వేసుకుంటూ ‘తెల్వదు పటేలా’ అన్నాను.

‘తెల్వకుంటే పోనీ. చాయ్ తాగి పో’ అన్నాడు. తాగి వచ్చాను. ఆ చాయ్ రుచి ఎట్లా ఉందో నాకు తెలియనే లేదు.

అప్పుడు నేను చేయాల్సిన పని ఒక్కటే. అదే ఊళ్లో, నాలుగు ఇళ్ల అవతల ఉన్న తిమ్మప్ప మామ దగ్గరికి పోయి ఉన్నది చెప్పడం. చెప్పలేదు. పటేలు చాయ్ ఇచ్చి పంపాడు కదా, పట్టించుకోడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి భయపడ్డాను. కార్డులు ఇచ్చే జనం నన్ను నమ్మకపోతే ఏమవుతుందన్నదే నా భయం. సిగ్గుగా ఉంది ఈ మాట రాయడానికి. ఇన్నేళ్లకైనా రాస్తున్నాను.

ఎలక్షన్లు అయిపోయాయి. రోహిణి ఎండల్లో ఒక మధ్యాహ్నం తిమ్మప్ప మామ కొట్టుకొచ్చాడు. చేతిలో సంచి, తలకు తువ్వాల.

‘పాటలు ఏసియ్యి మౌలా, ఎక్కువ కావాల. పూనా పోతున్నం పనికి.’

‘పత్తి పెడ్తనంటివి కద మామా?’

‘చేను తీస్కున్నడు పటేలు. ఈ ఏడు మేమే చేస్కుంటం అన్నడు. నాలుగేండ్లు రాళ్లేరినం, పటేలు ఒక్క మాట అనలే, కోపం చెయ్యలే. ఎందుకో తెల్వదు.’ గొంతు తగ్గించాడు. ‘తెల్వదని కాదు, తెలుసు. దేవుని మీద ఏసిన ఒట్టు తప్పిన. తిమ్మప్ప పగబట్టిండు. మిషన్ల మనిషికి కనపడదు గని, దేవునికి కనపడదా? మల్దకల్ పోయి తప్పుకట్టుకొని, గుండు గీయించుకొని, ఆన్నించి ఆనె పూనా పోత. నర్సమ్మయితే మూడు రోజుల్నించి మెతుకు ముట్టలే. నీ చేతుల్తోనే చేను పోగొట్టినవని నన్ను తిడ్తుంది.’

కార్డు రీడర్ నా చేతిలోనే ఉంది. ఊరుకుంటే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఆయన గుండు కొట్టించుకుని వెళ్లిపోతాడు, నా కొట్టు నడుస్తుంది. కానీ నేను చేసిన పాపాన్ని ఆయన తన తలమీద వేసుకుని, దేవుడి దగ్గర క్షమాపణ అడగబోతున్నాడు. అది నా వల్ల కాలేదు.

‘మామా, అది దేవుడు చేసింది కాదు, నేను చేసింది’ అని మొదటినుంచీ చెప్పాను. జేబులో మీట నొక్కుకోవడం, నేను కార్డు లాక్కోవడం, ఇరవై మూడు కార్డులు, పటేలు అడిగిన మాట, అన్నీ. నేను పోయి పటేలు కాళ్లు పట్టుకుంటానన్నాను.

‘పట్టుకొని ఏమంటవు? ఆ మాట నాది గాదంటవా? నాదే కద.’

తలకున్న తువ్వాల విప్పి మొహం తుడుచుకుని కౌంటరు పక్కన కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొట్టినా నేను ఒప్పుకునేవాణ్నే. చివరికి ఏదో బరువు దిగినట్టు గట్టిగా ఊపిరి వదిలి, ‘అంటే దేవునికి నా మీద కోపం లేదన్నట్టు’ అన్నాడు.

‘లేదు మామా.’

‘నర్సమ్మకు చెప్పాల. ఇయ్యాలన్న తింటది.’ లేచి ఫోను జేబులో వేసుకున్నాడు. పాటలు అన్నాను. వద్దన్నాడు.

మెట్టు దిగి వెనక్కి తిరిగి, కోపం లేకుండానే అన్నాడు: ‘దేవునికి ముందుగాలనే తెలుసు మౌలా. ఆయన ఎవ్వనికి చెప్పలే.’

ఆ రోజునుంచి కంప్యూటరు తెరను గిరాకీ వైపు తిప్పి పెట్టాను. కార్డు తీసుకోగానే, ‘మీవి ఏమన్న తీసుకోవాలంటే అడిగి తీసుకుంట’ అని ముందే చెప్పేవాణ్ని. జనం నవ్వేవాళ్లు. మాకేం దాచుకునేదుంది, పాటలే కద అనేవాళ్లు. మనిషి ఏం దాచుకోవాలో అది బయటపడేదాకా అతనికీ తెలియదని నాకు తిమ్మప్ప మామ వల్ల అర్థమైంది. పక్క కొట్లలో పాటలు రోజురోజుకూ పెరిగాయి, నా దగ్గర పెరగలేదు, గిరాకీ తగ్గింది. తగ్గితే తగ్గనీ అనుకున్నాను. గుట్ట కింది ఆరెకరాల్లో ఆ ఏడు పటేలు సీడు పత్తే పెట్టించాడు. బాగా కాసిందని చెప్పుకున్నారు.