చౌరస్తాలో అన్న ఫ్లెక్సీ

మా అన్న నర్సంపేట మార్కెట్లో పత్తి బస్తాలు మోసేవాడు. ఓసారి హన్మకొండలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఆటగాళ్లను ఎంపిక చేస్తున్నారంటే, స్నేహితుణ్ణి బండి మీద దింపడానికి వెళ్లాడు. కోచ్ అన్నను ఎగాదిగా చూసి గ్రౌండ్ మధ్యలో నిలబెట్టాడు. ముగ్గురు కలిసి నెట్టినా అన్న కదల్లేదు. స్నేహితుడు ఇంటికొచ్చేశాడు. అన్న జీతానికి ఆడే ఆటగాడై హైదరాబాద్ వెళ్లిపోయాడు.

మొదటి మ్యాచ్‌కు అమ్మను తీసుకెళ్లాను. ఆ ఆటలో అన్న పని ఎదుటివాణ్ణి అడ్డుకోవడం. బంతి ముట్టుకునే అవసరమే లేదు. అది తెలియని అమ్మ ఆట అయిపోగానే నేరుగా కోచ్ దగ్గరికి నడిచింది.

"సారూ, గుడ్డు లెక్కనున్న ఆ బంతిని మావోనికి ఒక్కపాలి గూడ ఇయ్యకపోతిరి. వాడేం తప్పు చేసిండు?"

"మీవోడు అడ్డం నిలవడకుంటే బంతి పట్టుకున్నోడు ఈపాటికి దవాఖానల ఉంటుండె అమ్మా."

అమ్మకు ఆ జవాబు నచ్చలేదు. దారిపొడుగునా బస్సులో కోచ్‌ను తిట్టుకుంటూనే వచ్చింది.

మూడో మ్యాచ్ గెలిచినప్పుడు స్నేహితులు మా చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అన్న పంపిన ఫొటోలో ఆ ఆటకు పెట్టుకునే హెల్మెట్ తప్ప ముఖం కనిపించదు. కింద 'ఊరు తల ఎత్తుకునేలా చేసిన అన్నకు అభినందనలు' అని రాయించారు. గాలివానకు అది చిరిగి, హెల్మెట్టూ, 'తల' అన్న ఒక్క మాటా మిగిలాయి. బండ్ల మీద వచ్చేవాళ్లు దాన్ని చూసి, ముందు పోలీసు చెకింగ్ ఉందనుకుని వెనక్కి తిరిగేవారు. కొన్నాళ్లకు చాలామంది హెల్మెట్లు కొనుక్కున్నారు.

ఇంతలో ఆ పోటీలు మూతపడ్డాయి. అన్న తిరిగొచ్చి ఫ్లెక్సీ కింద అరగంట నిలబడ్డాడు. ఎవరూ గుర్తుపట్టలేదు.

"ఒకడైతే బండాపి, ముందట చెకింగ్ ఉన్నదా అన్నా అని నన్నే అడుగుతాండు తమ్మీ" అన్నాడు దిగులుగా.

చౌరస్తా పక్కనే కొత్తగా హెల్మెట్ల దుకాణం పెట్టినాయనకు మాత్రం ఆ ఫ్లెక్సీలో ఉన్నది అన్నేనని తెలిసింది. రిబ్బన్ కత్తిరించడానికి అన్ననే పిలిచాడు. కానుకగా తన దగ్గరున్న అన్నిటికంటే పెద్ద హెల్మెట్ తొడిగాడు. అది చెవుల దాకా దిగి బిగుసుకుపోయింది. ఇద్దరు పట్టి లాగినా రాలేదు. సబ్బునీళ్లు తెచ్చేలోపు జనం గుమిగూడారు.

"అరే, చౌరస్తాల ఉన్నది ఈయనే" అన్నారెవరో.

అందరూ వరుసగా నిలబడి సెల్ఫీలు దిగారు. సబ్బునీళ్లు వచ్చినా అన్న తొందరపడలేదు.

"జర ఆగుండ్రి, ఇంకో నలుగురున్నరు" అన్నాడు లోపలి నుంచి.