తడిసినావామ్మా?

పెళ్లయి చిత్తూరు వచ్చిన కొత్తలో, మామగారు ఇంట్లోకి వస్తే నేను లేచి నిలబడేదాన్ని. ఆయన ఎదుట కోడలు కూర్చోవడం ఆ ఇంటి పద్ధతి కాదు. ఆయనా నాతో మాట్లాడేవారు కాదు. కాఫీ కావాలన్నా అత్తతోనే చెప్పించేవారు.

ఆ పట్టింపు లేనిది ఒక్కచోటే, ఆయన పాత స్పోర్ట్స్ కారులో. దాని పైకప్పును కావాలంటే రెండు పలకలుగా ఊడదీసి పెట్టుకోవచ్చు. మా ఊరి ఎండలకు పలకల అంచున ఉండే రబ్బరు బిరుసెక్కి, వాన లోపలికి కారేది. ఏటా వానలకు ముందు మామగారు కొత్త రబ్బరు అతికించి, నన్ను లోపల కూర్చోబెట్టి, పైన బిందెతో నీళ్లు పోసేవారు. తర్వాత వంగి, అద్దానికి మొహం ఆనించి అడిగేవారు: "తడిసినావామ్మా?"

ఒకసారి భుజం మీద చుక్కలు పడుతున్నా "లేదు మామా" అన్నాను. దిగాక ఆయన నా తడి పైట చూశారు.

"చెప్పాల కదమ్మా! రబ్బరు కాడ మొహమాటమేంది?" అని నవ్వి, అంతా పీకి మళ్లీ అతికించారు. అంత పొడుగు మాట ఆయన నాతో అనడం అదే మొదలు.

ఆయన పోయాక మొదటిసారి, మొన్న మెకానిక్ వచ్చి ఆ రబ్బరు మార్చాడు. నేను లోపల కూర్చుని, ఆ బిందెతోనే నీళ్లు పోయమన్నాను. నీళ్లన్నీ అద్దాల మీదుగా జారిపోయాయి. ఒక్క చుక్కా లోపలికి రాలేదు.

"బాగుండాది, ఇంక దిగక్కా," అన్నాడతను.

ఇంకో బిందె పోయమన్నాను.