ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద టెంట్

నల్లమలలో ఒంటరిగా క్యాంపింగ్ చేయడానికి అనుమతి దొరకగానే, విశాఖ నుంచి వచ్చి నాంపల్లిలో రైలు దిగి, టెంట్ కొనడానికి ఆబిడ్స్ వెళ్లాను.

“ఆడమనిషి ఒక్కతే అడవిల ఉంటదా? మీ ఆయనను తోల్కరాండ్రి, అప్పుడిస్త” అన్నాడు దుకాణం సేటు.

ఒళ్లు మండింది. చూపించిన టెంట్‌ను అక్కడే ఫుట్‌పాత్ మీద నిలబెట్టి, లోపలికి దూరి పడుకున్నాను. “అమ్మేదాకా లేవను” అన్నాను. జనం మూగారు.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న సేటు భార్య లేచి వచ్చింది. నన్ను లేపడానికే అనుకున్నాను. ఆమె ఇంటి గడప ముందు విడిచినట్టే టెంట్ బయట చెప్పులు విడిచి, “జర జరుగు బిడ్డా” అంటూ నా పక్కన నడుం వాల్చింది.

“ఏయ్, గల్లా ఎవరు చూస్తరు?” సేటు కేకేశాడు.

“నేను అడవిల ఉన్న. నువ్వే చూస్కో. ఈమెకు బిల్లు గూడ రాయి!” అని జిప్పు లాగేసింది.